ఎయిర్ తీసిన ప్రతిసారీ బాగయ్యేది: ఒక అవుట్‌బోర్డ్ ఆయిల్ ఇంజెక్షన్ కేసు

పడవ వెనక బిగించే టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్లలో ఆయిల్ ఇంజెక్షన్ (పంపుతో ఇంజన్‌లోకి ఆయిల్ పంపే ఏర్పాటు) ఫిర్యాదు వస్తే చాలాసార్లు కారణం ఎయిర్ లాకే అవుతుంది. పైపుల్లో గాలి చేరి ఉంటుంది, దాన్ని తీసేస్తే పని అయిపోతుంది. ఈ ఇంజన్‌లోనూ గాలి చేరింది, తీస్తే పోయింది. కానీ నీళ్లలోకి తీసుకెళ్లి గట్టిగా నడిపితే మళ్లీ వచ్చింది. షెడ్డులోకి తెచ్చేసరికి ఏ లోపమూ కనిపించేది కాదు. ఆ తేడా ఎందుకొచ్చిందో తేల్చడానికి పట్టిన దారి ఇతర మెకానిక్‌లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పడవ యజమాని వివరాలు, ఇంజన్ కంపెనీ, మోడల్ నంబరు ఇవ్వడం లేదు. వినియోగం అంకెలు ఈ సైజు ఇంజన్‌కు సుమారుగా వేసుకున్నవి. మీ ఇంజన్‌కు సరైన అంకెలు దాని సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి.

ఇంజన్, దాని ఆయిల్ దారి

మూడు సిలిండర్లు, కార్బొరేటర్లు, దాదాపు 40 హార్స్‌పవర్. ఆయిల్ ట్యాంకు ఇంజన్ పక్కనే, పైమూత లోపల ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి ఒక పైపు కిందనున్న ఆయిల్ పంపుకి దిగుతుంది. పంపును క్రాంక్ షాఫ్ట్ ఒక చిన్న గేరు ద్వారా తిప్పుతుంది. పంపు మీదున్న లివర్ ఒక కడ్డీతో థ్రాటిల్‌కి కలిసి ఉంటుంది కాబట్టి థ్రాటిల్ తెరిచే కొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ వదులుతుంది. పంపు నుంచి మూడు సన్నటి పారదర్శక పైపులు మూడు సిలిండర్ల ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వెళ్తాయి. ఒక్కో పైపులో ఒక చెక్ వాల్వ్ ఉంటుంది. ఇంజన్ ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి పోకుండా ఆపడం దాని పని.

ఇలాంటి ఇంజన్‌లో పెట్రోల్ ట్యాంకులో ఉండేది ఉత్త పెట్రోలే. ఫోర్-స్ట్రోక్‌లోలాగా కింద ఆయిల్ నిల్వ ఉండదు. క్రాంక్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు, పిస్టన్, సిలిండర్ గోడ అన్నీ ఈ మూడు పైపుల్లోంచి వచ్చే చుక్కల మీదే ఆధారపడి ఉంటాయి. అవి ఆగిపోతే ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ పట్టేయడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఎంత ఆయిల్ పోవాలన్న లెక్క తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. ఫుల్ థ్రాటిల్‌లో సుమారు 50 పాళ్ల పెట్రోల్‌కి 1 పాలు ఆయిల్ కావాలి. ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ తెరవకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 100 పాళ్లకి 1 పాలు, కొన్ని ఇంజన్లలో అంతకన్నా పలచగా సరిపోతుంది. అంటే 20 లీటర్ల పెట్రోల్ ఖర్చయితే నడిపిన తీరును బట్టి 200 నుంచి 400 మిల్లీలీటర్ల ఆయిల్ దిగాలి.

ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్ ఉంది. ఆయిల్ మట్టం బాగా తగ్గితే అలారం మోగుతుంది. ఈ ఇంజన్‌లో ఆయిల్‌కి సంబంధించిన హెచ్చరిక అంతవరకే. ఆయిల్ నిజంగా సిలిండర్లకు చేరుతోందా లేదా అన్నది చూసే సెన్సార్ లేదు. పంపు పూర్తిగా ఆగిపోయినా ట్యాంకు నిండుగా ఉంటే అలారం నోరు మెదపదు.

సమస్య ఎలా వచ్చింది

ఇంజన్ కొన్ని నెలలు వాడకుండా ఉంది. ఆ తర్వాత తీసి చూస్తే ట్యాంకు నుంచి పంపుకి దిగే పైపు గట్టిపడి పగుళ్లు వచ్చింది. దాన్ని వేరొక చోట మార్పించారు. ఆయిల్ నింపి, ఎయిర్ తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి చూపించి ఇచ్చారు. యజమాని కొన్నాళ్లు తిప్పాక నా దగ్గరికి వచ్చారు.

"ఇంజన్ బాగానే నడుస్తోందండి. పొగ కూడా తగ్గింది. ఆయిల్ మాత్రం దిగడం లేదు" అన్నారు.

ఈ మాట చెప్పగలగడమే ఆ ఇంజన్‌ని కాపాడింది. చాలామంది పొగ తగ్గితే సంతోషిస్తారు, ఆయిల్ దిగకపోతే ఇంకా సంతోషిస్తారు. ఈయనకు మాత్రం బయల్దేరే ముందు ప్రతిసారీ ఆయిల్ ట్యాంకును గొంతు దాకా నింపే అలవాటు. ఈసారి పోయడానికి చోటే ఉండటం లేదని గమనించి టెన్షన్ పడ్డారు. పెట్రోల్ ఎంత పోసుకున్నారని అడిగితే పైపు మార్చాక దాదాపు 40 లీటర్లు అయిందన్నారు. ట్యాంకులో తిరిగి పోసిన ఆయిల్ 200 మిల్లీలీటర్లకు మించదు. అంటే 200 పాళ్లకి 1 పాలు. ఆయన ఎక్కువగా మధ్యస్థ వేగంలోనే నడుపుతారు, అయినా కనీసం దీనికి రెట్టింపు పోయి ఉండాలి. ఆయిల్ పూర్తిగా ఆగలేదు, కానీ చాలా తక్కువ వెళ్తోంది.

స్టార్ట్ చేసే ముందు

ఇలాంటి ఇంజన్‌ను "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనకూడదు. ఇప్పటికే లోపల గీతలు పడి ఉంటే ఆ ఒక్కసారి చాలు, పని పెరగడానికి. అందుకే ముందు ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూశాను. మూడు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపే ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి చూస్తే గోడల మీద నిలువు గీతలు లేవు. రెండు ప్లగ్గులు మామూలు గోధుమ రంగులో ఉన్నాయి. మూడో సిలిండర్ ప్లగ్ మాత్రం పొడిగా, తెల్లగా ఉంది. దాన్ని రాసి పెట్టుకున్నాను. మూడింటికీ సమానంగా తగ్గితే ఒక కారణం, ఒకదానికే ఎక్కువ తగ్గితే ఇంకో కారణం కూడా ఉండొచ్చు.

తర్వాత పెట్రోల్. పడవ ట్యాంకు పైపు తీసేసి, విడిగా ఒక చిన్న ట్యాంకులో 10 లీటర్ల పెట్రోల్‌కి 200 మిల్లీలీటర్ల టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ (టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లకు వాడే రకం) కలిపి దాన్ని తగిలించాను. ఇంజెక్షన్ పనిచేయకపోయినా ఇంజన్‌కు 50కి 1 ఆయిల్ అందుతుంది. ఇంజెక్షన్ కూడా పూర్తిగా పనిచేస్తే రెండూ కలిసి 25కి 1 అవుతుంది. పొగ ఎక్కువ వస్తుంది, అంతకుమించి పెద్ద నష్టం లేదు. "ఇంత ఆయిల్ పడితే ప్లగ్గులు పాడవవా?" అని ఆయన అడిగారు. పాడవ్వచ్చు. కానీ ప్లగ్ మార్చడం చిన్న పని, క్రాంక్ షాఫ్ట్ మార్చడం అలా కాదు. ఆయిల్ వ్యవస్థ మీద చేయి వేసినప్పటి నుంచి అది నమ్మదగ్గదని రుజువయ్యే దాకా కలిపిన పెట్రోల్‌తోనే నడపాలి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

విడి ట్యాంకు వాడటానికి ఇంకో కారణం ఉంది. పడవ ట్యాంకులోనే ఆయిల్ కలిపేస్తే, అందులో ఎంత పెట్రోల్ మిగిలి ఉందో సరిగ్గా తెలియదు కాబట్టి పాళ్లు లెక్కకు అందవు. ఆ తర్వాత వినియోగం కొలవడమూ కుదరదు.

మొదటి ప్రయత్నం: ఎయిర్ తీయడం

ఇటీవల చేయి పడిన చోటే ముందు చూడాలి. పైపు మార్చారు, ఆ తర్వాతే సమస్య మొదలైంది. ఎయిర్ సరిగా తీయలేదనుకోవడం సహజం.

ట్యాంకు మూత తీసి ఆయిల్ నింపాను. పంపు కింద గుడ్డ పెట్టి, గాలి తీయడానికి ఉండే బ్లీడ్ స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేశాను. ట్యాంకు పైన ఉంది కాబట్టి ఆయిల్ దానంతటదే దిగుతుంది. మొదట నురగ, తర్వాత బుడగలు, ఆపైన తెగని ధార. ధార స్వచ్ఛంగా వచ్చాక స్క్రూ బిగించాను. ఇక్కడ తొందర పనికిరాదు. ఆయిల్ చల్లగా ఉంటే చిక్కగా ఉండి నెమ్మదిగా దిగుతుంది, చిన్న బుడగలు పైపు గోడకు అంటుకుని ఉండిపోతాయి.

బ్లీడ్ స్క్రూతో పోయేది పంపు దాకా ఉన్న గాలి మాత్రమే. పంపు తర్వాత మూడు పైపుల్లో ఉన్న గాలిని పంపే నెట్టాలి. దానికి ఇంజన్ తిరగాలి. థ్రాటిల్ కడ్డీని పంపు లివర్ నుంచి విడదీసి, లివర్‌ను ఫుల్ వైపు వైరుతో కట్టాను. చేత్తో పట్టుకుని నిలబడటం మంచిది కాదు, పక్కనే ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. ఇంజన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే రెండు పైపుల్లో బుడగలు త్వరగానే వెళ్లిపోయాయి. మూడో పైపులో చాలా నెమ్మదిగా కదిలాయి, చివరికి అదీ శుభ్రపడింది. ఐడిల్‌కి తెచ్చి, ట్యాంకు మూత బిగించి ఇంకాసేపు నడిపినా ఎక్కడా బుడగ లేదు.

(ఈ పద్ధతి ట్యాంకు పైన ఉండి పంపు కింద ఉన్న ఇంజన్లకే. పడవలో విడిగా పెద్ద ఆయిల్ ట్యాంకు ఉంటే అక్కడి నుంచి ఇంజన్‌కు వచ్చే పైపు కూడా నిండాలి. పెట్రోల్, ఆయిల్ రెండూ ఒకే పంపులో కలిసే రకాల్లో ఆయిల్ లైనుకే ప్రైమర్ బల్బు ఉంటుంది, దాన్ని నొక్కి నింపుతారు. ఒక రకం పద్ధతిని ఇంకో రకానికి వాడితే గాలి లోపలే ఉండిపోతుంది.)

నీళ్లలోకి తీసుకెళ్లాం. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ బాగుంది. ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడిపి ఇంజన్ పైమూత తెరిచి చూస్తే ట్యాంకు నుంచి పంపుకి దిగే పైపులో బుడగల వరుస. వేగం తగ్గించి ఐడిల్‌లో పెడితే ఆ వరుస ఆగింది. తిరిగి షెడ్డుకు వచ్చేసరికి పైపు మళ్లీ శుభ్రంగా ఉంది.

రెండో ప్రయత్నం: బిగింపులు

బుడగలు పంపు కంటే ముందే, చూషణ వైపు పైపులోనే కనిపించాయి. ఎక్కడో జాయింట్ దగ్గర గాలి లోపలికి వస్తోంది. కొత్త పైపుకు రెండు చివరలా ప్లాస్టిక్ జిప్ టైలు వేసి ఉన్నాయి. చుట్టూ ఎక్కడా ఆయిల్ తడి లేదు. చూషణ వైపు లీకు విషయంలో తడి లేకపోతే జాయింట్ బాగున్నట్టు కాదు, అక్కడ గాలి లోపలికి పోతుంది కానీ ఆయిల్ బయటికి రాకపోవచ్చు. జిప్ టైలు తీసేసి స్ప్రింగ్ క్లిప్పులు వేసి, మళ్లీ ఎయిర్ తీసి నీళ్లలోకి తీసుకెళ్లాం.

ఈసారి బుడగలు రావడానికి మునుపటి కన్నా ఎక్కువ సేపు పట్టింది. వచ్చినవి కూడా తక్కువే. దారి సరైనదే, ఇంకాస్త బిగిస్తే చాలు అనిపించే ఫలితం ఇది. బిగించడం అక్కడితో ఆపాను. బుడగలు ఫుల్ థ్రాటిల్‌లోనే ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు వదులు జాయింట్ ఒక్కటే జవాబు కాదు. ట్యాంకు పంపు కంటే పైన ఉంది. జాయింట్ వదులుగా ఉంటే ఆయిల్ బరువుకి అది బయటికి చెమర్చాలి, గాలిని లోపలికి పీల్చకూడదు. గాలి లోపలికి పోతోందంటే పైపులో ఒత్తిడి బయటి కంటే తక్కువగా ఉండాలి. అంత చూషణ ఎక్కడి నుంచి వస్తోంది?

పంపు మార్చాలా

ఈ దశలో యజమాని "పోనీ పంపు మార్చేద్దామా?" అన్నారు. ఆయన ఆత్రం అర్థమైంది. కానీ చూసిన ఏ లక్షణమూ పంపు వైపు చూపించలేదు. పంపు అరిగితే తక్కువ ఆయిల్ ఇస్తుంది, తనకంటే ముందున్న పైపులో బుడగలు పుట్టించలేదు. పంపు షాఫ్ట్ సీల్ పోయి గాలి పీలుస్తుంటే ఆ బుడగలు పంపు తర్వాతి పైపుల్లో కనిపించాలి, ముందు పైపులో కాదు. నడిపే గేరు పళ్లు పోయి ఉంటే ఐడిల్‌లో కూడా ఆయిల్ రాదు. మంచి పంపును విప్పి కొత్తది వేస్తే డబ్బు పోవడమే కాకుండా మరో రెండు జాయింట్లు కొత్తగా అనుమానంలోకి వస్తాయి.

అందుకే పంపును, ట్యాంకును విడదీసి చూడాలనుకున్నాను. కొలత గీతలున్న, నోరు తెరిచి ఉన్న చిన్న పారదర్శక డబ్బాను ఆయిల్ ట్యాంకు ఎత్తులోనే కట్టి, సరైన సైజు పొట్టి పైపుతో నేరుగా పంపుకి కలిపాను. పాత ట్యాంకు పైపుకు బిరడా పెట్టాను. ఎయిర్ తీసి, పడవను గట్టుకు బలంగా కట్టి, గేర్‌లో వేసి, సగం థ్రాటిల్‌లో నడిపాం. ఆయిల్ ఎక్కువ లాగేలా పంపు లివర్‌ను ఫుల్‌కి కట్టే ఉంచాను.

ఒక్క బుడగ రాలేదు. డబ్బాలో మట్టం నిలకడగా దిగింది. అంటే పంపు, దాన్ని నడిపే గేరు, అక్కడి నుంచి సిలిండర్లకు వెళ్లే దారి అన్నీ లాగాల్సినంత లాగుతున్నాయి. లోపం పంపు కంటే ముందే, పైపులోనో ట్యాంకులోనో ఉంది.

మూత వదులు చేస్తే

అసలు ట్యాంకును, అదే పైపుతో, మళ్లీ కలిపాను. అంతా మునుపటిలాగే, అదే వేగం, అదే లివర్. మార్చింది ఒక్కటే: ట్యాంకు మూతను బిగించకుండా పైన ఊరికే ఉంచాను. బుడగలు లేవు. మూత బిగించాం. కొన్ని నిమిషాలకు బుడగలు మొదలయ్యాయి. మళ్లీ వదులు చేస్తే సన్నగా గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించి బుడగలు ఆగిపోయాయి.

ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. ఒకే చిల్లు పెట్టిన నూనె డబ్బాను వంచితే ధార తెగి తెగి వచ్చినట్టే, ఆయిల్ బయటికి పోయిన మేరకు గాలి లోపలికి రాకపోతే ట్యాంకులో వెలితి ఏర్పడుతుంది. ఈ ఇంజన్‌లో గాలి ఒక సన్నటి వెంట్ పైపు ద్వారా, చిన్న వన్-వే వాల్వ్ దాటి వస్తుంది. విప్పి చూస్తే ఆ వాల్వ్ చుట్టూ గట్టిపడిన ఆయిల్, దుమ్ము, ఉప్పు కలిసి ముద్ద కట్టి ఉన్నాయి. పూర్తిగా మూసుకోలేదు. నోటితో గట్టిగా పీలిస్తే కొంచెం గాలి వచ్చింది.

ఆ కొంచెమే మొత్తం గందరగోళానికి మూలం. ఈ ఇంజన్ ఐడిల్‌లో గంటకు సుమారు 2 లీటర్ల పెట్రోల్ తాగుతుందనుకుంటే, 100కి 1 చొప్పున పోయే ఆయిల్ గంటకు 20 మిల్లీలీటర్లు. ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 20 లీటర్లు అనుకుంటే, 50కి 1 చొప్పున 400 మిల్లీలీటర్లు. ఇరవై రెట్లు. సగం మూసుకున్న వెంట్ ఐడిల్ అవసరానికి సరిపోయింది, ఫుల్ థ్రాటిల్ అవసరానికి సరిపోలేదు. షెడ్డులో లోపం కనిపించకపోవడానికి కారణం ఇదే. పైగా ఎయిర్ తీసేటప్పుడు ఎవరైనా ట్యాంకు మూత తీసి ఆయిల్ పోస్తూనే చేస్తారు. మూత తీయగానే వెలితి పోతుంది. అందుకే ఎయిర్ తీసిన ప్రతిసారీ అంతా బాగున్నట్టు కనిపించింది.

గొంతు దాకా నింపే అలవాటు కూడా ఇందులో పాత్ర పోషించింది. ట్యాంకు పైభాగంలో ఖాళీ ఎక్కువ ఉంటే కొంత ఆయిల్ దిగినా లోపలి గాలి కొద్దిగానే పలచబడుతుంది. ఖాళీ 50 మిల్లీలీటర్లే ఉంటే 5 మిల్లీలీటర్ల ఆయిల్ దిగేసరికి గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు పడిపోతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా పాతిక సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న ఆయిల్ తన బరువుతో ఇచ్చే ఒత్తిడి వాతావరణ ఒత్తిడిలో దాదాపు రెండు శాతమే. కాబట్టి ఆ కాస్త వెలితే పైపును చూషణలోకి నెట్టేస్తుంది. ఆయిల్ దిగడం లేదని అనుమానించి ఇంకాస్త పోసి నింపిన కొద్దీ లోపం త్వరగా వచ్చేది. వెంట్‌కు మురికి పట్టడానికీ అదే కారణం అయి ఉండాలి: నిండుగా నింపితే పడవ ఊగినప్పుడు ఆయిల్ వెంట్‌లోకి ఎక్కి అక్కడే ఎండిపోతుంది.

ఇక పైపు. దాన్ని కోసి చూస్తే లోపలి వ్యాసం పాత పైపు కంటే కొంచెం పెద్దది. పంపు ముక్కు మీదికి సులువుగా ఎక్కింది, పిసికి పట్టుకోలేదు. వెలితి ఏర్పడగానే అక్కడి నుంచే గాలి వచ్చింది.

రెండూ ఎందుకు సరిచేయాలి

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఈ భాగమే. మూసుకున్న వెంట్ ఉన్న ట్యాంకుకు ఆ వదులు జాయింటే గాలి దారి అయ్యింది. అక్కడ దూరిన గాలిలో కొంత పైకెక్కి ట్యాంకులోకి చేరి వెలితిని తగ్గించింది, మిగతాది బుడగలుగా పంపులోకి వెళ్లింది. ఇంజన్‌కు అందిన ఆ 200 మిల్లీలీటర్ల ఆయిల్‌లో కొంత ఆ లీకు పుణ్యమే.

రెండో ప్రయత్నంలో క్లిప్పులతో జాయింట్ పూర్తిగా బిగిసిపోయి ఉంటే ఏమయ్యేది? గాలి రాదు, బుడగలు కనిపించవు. పైపు నిండా స్వచ్ఛమైన ఆయిల్, కానీ ఫుల్ థ్రాటిల్‌లో అది సరిగా కదలదు. లోపం పోయిందని అందరం అనుకుని ఉత్త పెట్రోల్‌కి మారేవాళ్లం. ట్యాంకు నిండుగా ఉంటుంది కాబట్టి అలారం మోగదు. బుడగలు తగ్గడం మంచి సూచనలా కనిపించింది. నిజానికి ఇంజన్ అప్పుడు మరింత ప్రమాదానికి దగ్గరవుతోంది. లక్షణం తగ్గింది కదా అని కారణం తగ్గిందనుకోకుండా ఉండటానికి, ఆ చూషణ ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నను వదలకపోవడమే సాయపడింది.

వెంట్ ఒక్కటే బాగుచేసి పైపును అలాగే వదిలేసినా పని నడిచేది, కొన్నాళ్లపాటు. వెంట్ మళ్లీ మురికి పట్టిన రోజున కథ మొదటికొస్తుంది. అదీకాక వదులు జాయింట్ అదురుకి ఊడిపోతే ఆయిల్ మొత్తం కారిపోతుంది. కాబట్టి వెంట్ వాల్వ్ కొత్తది వేసి, వెంట్ పైపును కడిగి, చూషణ పైపును సరైన లోపలి వ్యాసంతో మార్చి స్ప్రింగ్ క్లిప్పులు వేశాను. ట్యాంకును దించి ఖాళీ చేసి, అడుగు జల్లెడ చూశాను. నీటి చుక్కలు లేవు, రకరకాల ఆయిళ్లు కలిసినప్పుడు కొన్నిసార్లు కట్టే జిగురు ముద్దలూ లేవు.

మూడో సిలిండర్

తెల్లబడిన ప్లగ్ లెక్క ఇంకా తేలలేదు. మూడు పైపులనూ మానిఫోల్డ్ దగ్గర విప్పి, చెక్ వాల్వ్‌లతో సహా మూడు సన్నటి కొలత గొట్టాల్లోకి వదిలి, మానిఫోల్డ్ ముక్కులకు మూతలు పెట్టి, మాన్యువల్ చెప్పిన వేగంలో చెప్పినంత సేపు నడిపాను. ఈ పరీక్షలో సిలిండర్లకు పంపు నుంచి ఆయిల్ ఏమీ అందదు, కలిపిన పెట్రోల్ లేకుండా దీన్ని చేయనే కూడదు. రెండు గొట్టాలు సమానంగా నిండాయి, మూడోది వాటిలో సగం దగ్గరే ఆగింది. చెక్ వాల్వ్‌ను పక్క పైపుకి మార్చి చూస్తే తక్కువ రావడం కూడా వాల్వ్‌తో పాటే మారింది. పంపు అవుట్‌లెట్ బాగుంది, వాల్వే అంటుకుపోతోంది. మూడు వాల్వ్‌లూ మార్చాం. ఆ తర్వాత మూడూ మాన్యువల్ ఇచ్చిన హద్దుల్లోకి వచ్చాయి. ఎయిర్ తీసినప్పుడు మూడో పైపులో బుడగలు మెల్లగా కదలడం దీనికి ముందే ఇచ్చిన ఆనవాలు.

చివరగా లివర్, పంపు మీద గీతలు ఎదురెదురుగా ఉండేలా కడ్డీ పొడవు సరిచేశాను. ఇది తప్పితే ఐడిల్‌లో పొగ, లేదా ఫుల్ థ్రాటిల్‌లో ఆయిల్ కొరత.

ఉత్త పెట్రోల్‌కి ఎప్పుడు మారాలి

పైపులు శుభ్రంగా కనిపించడం దీనికి చాలదు. ఆయిల్ ట్యాంకు మీద మట్టం దగ్గర టేపు అంటించి, మూత బిగించి, కలిపిన పెట్రోల్‌తో నీళ్లలో అన్ని వేగాల్లో నడపమన్నాను. కొలిచి పోసిన 20 లీటర్ల పెట్రోల్ అయ్యాక కొలజాడీతో టేపు దాకా తిరిగి పోస్తే 310 మిల్లీలీటర్లు పట్టింది. 200కి, 400కి మధ్య ఉంది, ఆయన నడిపిన తీరుకు సరిపోయింది. అప్పుడే పడవ ట్యాంకు పైపు తగిలించాను. మొదటి రెండు ట్యాంకుల పెట్రోల్‌కి కూడా ఇదే కొలత చేసి చెప్పమన్నాను, చేశారు. అంకెలు అక్కడే ఉన్నాయి.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో కొన్ని మారాయి. ఎయిర్ తీశాక ట్యాంకు మూత బిగించి, లివర్‌ను ఫుల్‌కి కట్టి, ఇంజన్‌ను నీళ్లలో గేర్‌లో నడిపి చూస్తున్నాను. ఆ తర్వాత మూత వదులు చేసి చెవి పెట్టి వింటాను. గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే ఇంజన్‌ను అప్పగించను. చూషణ పైపులో బుడగలు కనిపిస్తే క్లిప్పుల మీద చేయి వేయకముందే వెంట్ విప్పి చూస్తాను. పైపు కొనేటప్పుడు బయటి సైజు కాకుండా లోపలి వ్యాసం కొలుస్తాను.

యజమాని ట్యాంకును గొంతుకు రెండు వేళ్ల కిందే ఆపుతున్నారు. ప్రతిసారీ పోసిన పెట్రోల్, పోసిన ఆయిల్ పక్కపక్కనే ఒక చిన్న పుస్తకంలో రాస్తున్నారు. 20 లీటర్ల పెట్రోల్‌కి ఆయిల్ 200 మిల్లీలీటర్ల కిందికి పడిన రోజున పడవ తీయకుండా ఫోన్ చేయమని చెప్పాను.